పండిత రమాబాయి – కరవు శిబిరముల నుండి ముక్తి సదనము వరకు

షోలాపూరు, గుల్బర్గా, రాయచూరు ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగువారు పూనా రైలు ఎక్కితే, దౌండు దాటిన కొంతసేపటికి కేడ్‌గావ్ అనే చిన్న స్టేషను వస్తుంది. పెద్ద బండ్లు అక్కడ ఆగకుండానే వెళ్లిపోతాయి. ఆ ఊరిలో నూరేండ్లకు పైబడి నిలిచియున్న ముక్తి మిషను గురించి, దానిని స్థాపించిన పండిత రమాబాయి గారిని గురించి మన వారిలో పెద్దవారు కొంత విన్నారు. పిల్లలకు ఆమె పేరు పాఠ్యపుస్తకములో ఒక పంక్తిగా మాత్రమే తెలుసు. ఆమె సంస్కృత పండితురాలు, వితంతువుల కొరకు పాటుపడినది, క్రైస్తవురాలయినది అని ఆ పంక్తి చెప్పి ఊరుకుంటుంది. కరవులోను, తెగులులోను చెడ్డ మనుష్యుల చేతులలో నలిగిపోయిన ఆడపిల్లలకు ఆమె ఏమి చేశారో చెప్పదు. ఈ సంచికలో మేము చెప్పదలచినది ఆ సంగతే.

రమాబాయి గారు 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమలలోని గంగామూల అడవిలో జన్మించారు. అది నేటి కర్ణాటక రాష్ట్రములోనిది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గారు మరాఠీ బ్రాహ్మణుడు, గొప్ప పండితుడు. ఆయన తన భార్య లక్ష్మీబాయి గారికి సంస్కృతము నేర్పించారు. స్త్రీకి దేవభాష నేర్పుట పాపమని ఆ కాలపువారు ఆయన మీద పడ్డారు. ఉడిపిలో పండితుల యెదుట నిలువబడి తన పని శాస్త్రవిరుద్ధము కాదని ఆయన వాదించవలసి వచ్చింది. ఊరిలో ఉండనీయనందున అడవిలో ఇల్లు కట్టుకొన్నారు. రమాబాయి గారికి తెల్లవారుజామున తల్లి పాఠము చెప్పేది. బడి లేదు, పలక లేదు. వినుట, వల్లించుట, అంతే. మేము ఉపాధ్యాయ శిక్షణలో పిల్లల మనస్తత్వమును గురించి ఎన్నో పుస్తకములు చదివితిమి గాని, పొయ్యి రాజేయక ముందు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని శ్లోకము చెప్పిన ఆ తల్లి పద్ధతిని మించినది చూడలేదు.

అప్పులు పెరిగి ఇల్లు విడిచిన తరువాత ఆ కుటుంబము తీర్థయాత్రలు చేస్తూ, దేవాలయముల వద్ద పురాణము చదువుతూ, వచ్చిన దానితో బ్రతికింది. భిక్షమెత్తరు. కూలికి వెళ్లుట కులాచారము కాదు. అటువంటి వారి మీదికి 1870ల దశకములో దక్షిణ దేశపు కరవు వచ్చిపడింది. ఉన్నదంతా అమ్ముకొన్నారు. నగలు, వెండి, చివరకు వంట పాత్రలు కూడా పోయినవి. తిరుపతి కొండ ప్రాంతమునకు చేరేసరికి తినుటకు ఏమియు లేదు. అడవిలోనికి వెళ్లి ప్రాణములు విడుచుటకు నిశ్చయించుకొని, ఆకులు, నీళ్లు, అడవి ఈతపండ్లతో పదకొండు దినములు గడిపినట్లు ఆమె తరువాతి కాలములో వ్రాశారు. అనగా మన తెలుగు నేల మీదనే ఆ పదహారేండ్ల పిల్ల ఆకలి అంటే ఏమిటో నేర్చుకొన్నది. 1874లో తండ్రి పోయారు. కొద్ది వారములకే రాయచూరులో తల్లి పోయారు. శవమును మోయుటకు నలుగురు దొరకలేదు. ఇద్దరు బ్రాహ్మణులు జాలిపడి వచ్చారు, అన్న శ్రీనివాసుడు మూడవవాడు. నాలుగవ కొమ్మును రమాబాయి గారే పట్టుకోవలసి వచ్చింది. పొట్టి మనిషి అయినందున భుజము అందక పాడెను తల మీద పెట్టుకొని నడిచారట. రాయచూరులో ఉన్న మన వారికి ఈ సంగతి తెలియునో లేదో. తెలియని వారికి తెలియజేయుటకే వ్రాయుచున్నాము. తరువాత అక్క కూడా మరణించింది.

అన్నాచెల్లెండ్రు ఇద్దరూ దేశమంతా కాలినడకన తిరిగారు. నాలుగు వేల మైళ్లు నడిచామని ఆమె లెక్క చెప్పారు. 1878లో కలకత్తా చేరగా అక్కడి పండితులు ఆమెను పరీక్షించి పండిత, సరస్వతి అను బిరుదులు ఇచ్చారు. స్త్రీకి అటువంటి బిరుదు ఇచ్చుట ఆ దినములలో వింత. 1880లో అన్న మరణించాడు. అదే సంవత్సరము ఆమె బిపిన్ బిహారీ మేధావి అను బెంగాలీ ప్లీడరును వివాహము చేసుకొన్నారు. ఆయన శూద్రుడని బంధువులు వెలివేశారు. 1881లో మనోరమ అను కుమార్తె పుట్టింది. 1882 ఫిబ్రవరిలో కలరా వచ్చి భర్త పోయాడు. ఇరువదిమూడేండ్ల ప్రాయములో, చంకలో బిడ్డతో, ఆమె తానే వితంతువు. ఆ మునుపటి సంవత్సరమే రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహము జరిపించారని జ్ఞాపకము చేసుకొంటే, అప్పటి దేశకాలములు మనకు బోధపడతాయి.

పూనా వచ్చి ఆర్య మహిళా సమాజము స్థాపించారు. ఆ సంవత్సరమే విద్యను గురించి విచారించుటకు వచ్చిన హంటరు కమిషను యెదుట సాక్ష్యమిచ్చారు. బాలికలకు స్త్రీ ఉపాధ్యాయులు కావాలనియు, స్త్రీ డాక్టర్లు కావాలనియు కోరారు. మగవాడైన వైద్యునికి తన రోగము చెప్పుకొనలేక చనిపోవు స్త్రీలు ఎందరో ఉన్నారని ఆమె వాదన. రోగము సంగతే అట్లుంటే, తనకు జరిగిన అవమానమును ఒక స్త్రీ ఎవరితో చెప్పుకొనగలదు?

వైద్యము చదువవలెనని 1883లో ఇంగ్లండు వెళ్లారు. చెవుడు ఆమెను ఆ చదువుకు పనికిరాకుండా చేసింది. ఆ సంవత్సరము సెప్టెంబరు 29న వాంటేజిలో ఆంగ్లికను సంఘములో బాప్తిస్మము పొందారు. ఆమె మన బాప్తిస్టు సంఘమునకు చెందినది కాదు. ఆ మాట దాచవలసిన పని లేదు. చెప్పినదెల్లా నమ్మే మనిషి కూడా కాదు ఆమె. తనకు నేర్పిన సిస్టర్లతో సిద్ధాంతములను గురించి ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాసి వాదించారు. లేఖనములో కనబడనిదానిని అంగీకరించనన్న ఆ పట్టుదల మన వారికి నచ్చే గుణమే.

వాంటేజి సిస్టర్లు ఆమెను కొన్నాళ్లు లండనులోని ఫుల్‌హాము అను చోటికి పంపారు. వీధులపాలైన స్త్రీలను చేరదీయు గృహము ఒకటి అక్కడ ఉన్నది. ఆ కాలములో అటువంటి వారిని పతితలు అనేవారు. మాకు ఆ మాట మొదటినుండి నచ్చదు. వారిలో చాలామంది పడిన వారు కారు, పడద్రోయబడిన వారు. రమాబాయి గారు అంతకు ముందు చూచిన లోకములో అటువంటి స్త్రీకి ప్రాయశ్చిత్తము లేదు, తిరిగి ఇల్లు లేదు. ఊరు వెలివేస్తే శాస్త్రము కూడా వెలివేసేది. ఫుల్‌హాములో మాత్రము మర్యాదగల కుటుంబముల సిస్టర్లు వారికి వండిపెట్టి, రోగము చూచి, పని నేర్పి, ప్రేమతో మాట్లాడుచున్నారు. ఎందుకిట్లు చేస్తున్నారని ఆమె ఒక సిస్టరును అడిగారు. ఆ సిస్టరు యోహాను సువార్త నాలుగవ అధ్యాయములో సమరయ స్త్రీతో ప్రభువు బావి యొద్ద మాట్లాడిన సంగతి చదివి వినిపించింది. క్రీస్తు ఎవరో తనకు తెలిసినది ఆ దినమేనని రమాబాయి గారు తరువాత తన సాక్ష్యములో వ్రాసుకొన్నారు. గొప్ప ప్రసంగము కాదు, తర్కము కాదు. హింసపడిన స్త్రీలను ఒక సంఘము ఎట్లు చూచుకొన్నదో చూచి ఆ పండితురాలు ప్రభువును తెలుసుకొన్నది.

1886లో అమెరికా వెళ్లారు. తమ బంధువైన ఆనందీబాయి జోషి గారు ఫిలడెల్ఫియాలో డాక్టరు పట్టా పుచ్చుకొను సమయమది. 1887లో ఉన్నతకులపు హిందూ స్త్రీని గురించి ఆంగ్లములో పుస్తకము వ్రాశారు. బాల్యవివాహము, బాలవితంతువుల కష్టములు అందులో ఉన్నవి. ఇష్టము లేని భర్త ఇంటికి వెళ్లనన్నందుకు కోర్టుల చుట్టూ తిరిగిన రుఖ్మాబాయి గారి సంగతి కూడా ఉన్నది. ఇంట్లో జరిగే హింసకు చట్టము కూడా కాపలా కాయుట చూచి ఆమె మండిపడ్డారు. పదేండ్లపాటు సహాయము చేయుటకు బోస్టనులో ఒక సంఘము ఏర్పడింది. 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనము తెరిచి, మరుసటి సంవత్సరము పూనాకు మార్చారు. బాలవితంతువులకు ఇల్లును, బడియును అదే. కులాచారము ప్రకారము వంటలు వేరుగా జరిగేవి. మతము ఎవరి మీద రుద్దలేదు. అయితే ఆమె తన గది తలుపు తెరిచి ప్రార్థన చేసుకొంటే కొందరు పిల్లలు వచ్చి కూర్చుండేవారు. దానిమీద 1893లో పెద్ద గొడవ లేచింది. రనడే, భండార్కరు వంటి పెద్దలు సలహా సంఘమునుండి తప్పుకొన్నారు. తల్లిదండ్రులు చాలామంది పిల్లలను తీసుకొని వెళ్లిపోయారు. అయినను సదనము మూతపడలేదు. ఇక్కడ చదివిన గోదూబాయి గారినే తరువాత మహర్షి కర్వే గారు వివాహమాడారు.

ఇంతవరకు చరిత్ర పుస్తకములలో దొరుకుతుంది. ఇక 1896వ సంవత్సరపు సంగతి.

ఆ యేడు మధ్య హిందూదేశములో వానలు లేవు. సెంట్రల్ ప్రావిన్సులలో ఘోరమైన కరవు. ప్రభుత్వము పనులు పెట్టింది. రోడ్డు పనులు, చెరువు పనులు, పని చేయలేనివారికి పేదల గృహములు. పత్రికలలో ఆ వార్తలు చదివేసరికి రమాబాయి గారికి తిరుపతి అడవి కళ్లముందు నిలిచింది. చేతిలో డబ్బు లేదు. సదనమునకు వచ్చే సహాయము అక్కడి పిల్లలకే సరి. అయినను బయలుదేరారు.

అక్కడ ఆమె చూచినది ఆకలి ఒకటే కాదు. రాళ్లు కొట్టుచోట పేర్లు వ్రాసుకొనే మేస్త్రీలు, కూలి పంచే ముకద్దములు, గింజలు కొలిచే నౌకర్లు అందరూ మగవారే. ఎవరి పేరు వ్రాయవలెను, ఎవరికి కొలత తగ్గించవలెను అన్నది వారి చేతిలో ఉన్నది. భర్త చనిపోయిన చిన్నది, తల్లిదండ్రులు పోయిన పన్నెండేండ్ల పిల్ల వారి యెదుట చేయి చాపవలసినదే. తిండి కావలెనంటే మానము అడిగేవారు. పేదల గృహములలో రాత్రిపూట వయసు పిల్లలను, చెడు నడత గల మగవారిని ఒకే ఆవరణలో ఉంచారు. బయట ఆడపిల్లలను కొనుటకు వచ్చిన దళారులు, వేశ్యాగృహములకు చేర్చే ముసలి స్త్రీలు తిరుగుచుండేవారు. కొన్నిచోట్ల కన్నవారే నాలుగు అణాలకో, పిడికెడు గింజలకో పిల్లను ఇచ్చివేశారు. ఇవన్నియు ఆమె దాచకుండా వ్రాసి అచ్చువేయించారు. మర్యాదగల స్త్రీ వ్రాయదగిన మాటలు కావని అప్పుడు కొందరు ముఖము చిట్లించి ఉంటారు. కాని వ్రాయకుంటే ఎవరికి తెలియును?

ఇక్కడ మన సంఘ చరిత్రలోని ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టుకు తీసుకొన్నారని మన పెద్దలు చెప్పేవారు. ఎందుకు తీసుకొన్నారు? ఇతర చోట్ల పై కులపు మేస్త్రీల చేతిలో మన మాదిగ కూలీలు కొట్టబడి, కూలి సరిగా అందక బాధపడినందున. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, కూలి సరిగా ఇప్పించారు. కొలత కొలిచేవాని చేయి ఎవరిదన్నది కరవులో ఎంత పెద్ద సంగతో మన తాతలకు తెలుసు. రమాబాయి గారు కనిపెట్టినదీ అదే. గింజలు పంపితే చాలదు, వాటిని కొలిచి పెట్టే చోట ఆడపిల్లకు అపాయము లేకుండా చూడవలెను.

మూడు వందలమంది ఆడపిల్లలను తీసుకొని రావలెనని ఆమె తలపెట్టారు. జట్లు జట్లుగా రైళ్లలో పూనా తెచ్చారు. ఒళ్లంతా పుండ్లు, తలలో పేలు, ఎముకల మీద చర్మము. కొందరు దారిలోనే పోయారు. అంతలో మరొక చిక్కు. పూనాలో ప్లేగు వ్యాపించినందున సదనములో ఇంతమందిని చేర్చరాదని అధికారులు ఆజ్ఞ ఇచ్చారు. కేడ్‌గావ్‌లో రమాబాయి గారు కొన్నాళ్ల ముందు నూరు ఎకరముల భూమి కొని, పండ్లచెట్లు పెట్టియున్నారు. సదనము ఖర్చులకు రాబడి కొరకు కొన్న నేల అది. పిల్లలను అక్కడికి తరలించారు. ఇండ్లు లేవు. గుడారములు, పాకలు. దానికే ముక్తి సదనము అని పేరు పెట్టారు. ముక్తి అనగా రక్షణ, విడుదల. ఆ పేరులో రెండును ఉన్నవి.

ప్లేగు కాలములో జరిగిన మరొక సంగతిని ఆమె జీవితము వ్రాసేవారు చాలామంది పైపైన చెప్పి వదలివేస్తారు. మాకు మాత్రము అది ముఖ్యముగా తోచినది. 1897లో పూనాలో ప్లేగు కమిటీ సిపాయిలు ఇండ్లలో దూరి రోగులను వెదకి ఆసుపత్రికి, శిబిరములకు తరలించేవారు. స్త్రీలను మగవారు పరీక్షించుట మీద ఊరంతా అట్టుడికింది. శారదా సదనపు పిల్ల ఒకతెను ప్లేగు ఆసుపత్రికి తీసుకొని వెళ్లారు. ఆ పిల్ల తిరిగి రాలేదు. కాపలావాడొకడు ఆమెను లొంగదీసుకొని ఉంచుకొన్నాడని రమాబాయి గారు విన్నారు. బాంబే గార్డియన్ పత్రికకు ఆ సంగతి బహిరంగముగా వ్రాశారు. ఆసుపత్రిలో వయసు స్త్రీలకు రక్షణ లేదనియు, కాపలా సరిగా లేదనియు సర్కారును నిలదీశారు. ఆ ఉత్తరము లండను పార్లమెంటులో ప్రశ్నగా లేచింది. బొంబాయి గవర్నరు ఆమె మాటలు నిజము కావని కొట్టివేశారు. ఆమె తన మాట వెనక్కు తీసుకొనలేదు.

ఆమె స్థితి ఆలోచించండి. ఆమె క్రైస్తవురాలని పూనా పెద్దలు అప్పటికే దూరము పెట్టారు. ప్రభుత్వమువారు, మిషనరీలు ఆమెకు మిగిలిన అండ. ఒక పిల్ల కొరకు ఆ అండను కూడా పోగొట్టుకొనుటకు సిద్ధపడ్డారు. మన సంఘములలో ఇప్పటికిని కొన్నిచోట్ల, దెబ్బలు తిన్న కోడలో, మేస్త్రీ చేత చెరుపబడిన కూలి పిల్లో పెద్దల యొద్దకు వచ్చినప్పుడు, సంఘము పేరు చెడుతుందని, పరువు పోతుందని రాజీ చేసి పంపివేయుట మేము విన్నాము. వలస వచ్చిన ఊరిలో పుట్టింటివారు దగ్గర ఉండరు, అత్తింటివారే దిక్కు అని కారణము చెబుతారు. పుట్టింటివారు దగ్గర లేని స్త్రీకి సంఘమే కదా పుట్టిల్లు కావలసినది.

ముక్తికి వచ్చిన పిల్లలను మనుష్యులుగా చేయుటకు పట్టిన ఓర్పును గురించి కూడా చెప్పాలి. వారు కృతజ్ఞతతో పాదముల మీద పడలేదు. వారికి ఎవరి మీదా నమ్మకము లేదు. ఈ తెల్లచీర అమ్మ మనలను మేపి, తరువాత తలక్రిందులుగా వ్రేలాడదీసి ఒంట్లోంచి నూనె తీస్తుందని వారిలో వదంతి పుట్టింది. అన్నము పెడితే సగము దాచిపెట్టేవారు. రొట్టె కొరకు కొట్టుకొనేవారు. కొందరు పారిపోయారు. నవ్వవలసిన సంగతి కాదిది. తిండి పెట్టినవాడెల్లా బదులు ఏదో అడిగిన అనుభవము గల పిల్లకు, ఏమీ అడగకుండా పెట్టే చేయి మీద అనుమానము కలుగుట సహజము.

రమాబాయి గారు చేసిన తెలివైన పని యేమనగా, శారదా సదనములో చదువుకొన్న యువతులకు ఈ పిల్లలను అప్పగించుట. ఒక్కొక్కరికి కొందరు పిల్లలు. స్నానము చేయించుట, పుండ్లు కడుగుట, గంజి పట్టుట, రాత్రి ప్రక్కన పండుకొనుట అంతా వారి పనే. ఆ యువతులు ఎవరు? బాలవితంతువులు, తల గొరిగించబడి మూలన కూర్చుండబెట్టబడిన వారు. బ్రాహ్మణ కన్యలు కూడా ఉన్నారు వారిలో. ఏ కులమో తెలియని పిల్ల పుండును వారు తమ చేతులతో కడిగారు. శారదా సదనములో వేరు వేరు వంటలు ఉండేవని పైన చెప్పితిమి. ముక్తిలో ఆ గోడ లేదు. ఏ ఉపన్యాసము వలనను కూలని గోడ కరవులో కూలింది.

1899 ప్రాంతములో కృపా సదనము అని వేరొక గృహము మొదలయినది. బలాత్కారమునకు గురియైన వారికి, వ్యభిచారమునకు అమ్మబడినవారికి, వారి వలన రోగములు తగులుకొన్నవారికి అది. వేరుగా ఎందుకు ఉంచారని కొందరు విమర్శించవచ్చు. చిన్నపిల్లలకు రోగము సోకకూడదని ఒక కారణము. ఈ స్త్రీలకు ఎక్కువ శ్రద్ధ, ఎక్కువ కాలము కావలసి ఉండుట రెండవది. ఫుల్‌హాములో చూచినదానిని ఆమె పదహారేండ్లు మనస్సులో మోసి, తన దేశములో మొలిపించారు. గుడ్డివారికి, వృద్ధులకు వేరు గృహములు వెలిశాయి. కుమార్తె మనోరమ అంధులకు చుక్కల లిపి నేర్పింది.

1899-1900లో గుజరాతులో కరవు వచ్చినప్పుడు మరల వెళ్లి వెయ్యికి పైగా తెచ్చారు. ముక్తిలో జనము రెండు వేల వరకు అయింది. అంతమందికి తిండి ఎట్లా? ప్రార్థన అని సాక్ష్యములలో వ్రాస్తారు. నిజమే. అయితే ఆ ప్రార్థనతో పాటు బావులు త్రవ్వించారు, కూరగాయలు పెంచారు, ఆవులను మేపారు, మగ్గములు పెట్టారు, నూనె గానుగ ఆడించారు, అచ్చుకూటము నడిపారు. అక్షరములు కూర్చుట, అచ్చువేయుట, కుట్టుట అంతా స్త్రీలే. పని అన్నది అక్కడ దండన కాదు. ఒకప్పుడు పిడికెడు గింజలకు అమ్మబడిన స్త్రీ తన చేతి కష్టముతో నేసిన చీర కట్టుకొన్నప్పుడు తల ఎత్తుకొని నడుస్తుంది. మన షోలాపూరు నేతపనివారికి ఈ మాట వివరించనక్కరలేదు.

1905లో ముక్తిలో గొప్ప ఉజ్జీవము కలిగింది. దానిని గురించి వేరుగా వ్రాసిన పుస్తకములున్నవి గనుక ఇక్కడ పెంచము. అక్కడ మోకరించి ప్రార్థించిన వందల స్త్రీలలో అధికులు కరవు శిబిరములనుండి వచ్చినవారేనని మాత్రము గుర్తుంచుకొనవలెను.

అందరూ నిలబడ్డారని కాదు. రోగములతో చాలామంది చనిపోయారు. కొందరు ఎక్కడికో వెళ్లిపోయారు. పెండ్లి చేసుకొని కుటుంబములు ఏర్పరచుకొన్నవారున్నారు, ఉపాధ్యాయినులు, నర్సులు, బైబిలు స్త్రీలు అయినవారున్నారు, జీవితమంతా ముక్తిలోనే గడిపినవారున్నారు. ఇంత పెద్ద సంస్థ అంతా ఒక్క మనిషి మాట మీద నడుచుట మంచిది కాదని ఆ కాలపు స్నేహితులే అనేవారు. అందులో కొంత నిజమున్నదని మాకును తోచును. చెవుడు పెరిగిన కొలది ఆమె ఇతరుల సలహా వినుట ఇంకా కష్టమయింది. అయితే రెండు వేలమంది ఆకలిని రోజూ మోయుచున్న స్త్రీని దూరమునుండి తూచుట సులభము.

నైజాము రాజ్యములోని గుల్బర్గాలో బాలికల కొరకు శాంతి సదనము అను బడి కూడా ముక్తివారు తెరిచారు. మనోరమ గారు దానిని చూచుకొన్నారు. గుల్బర్గాలో ఉన్న మన సంఘస్థులకు ఆ పేరు తెలిసియుండును.

చివరి సంవత్సరములు ఆమె బైబిలును పామర స్త్రీలకు అర్థమగు మరాఠీలోనికి తర్జుమా చేయుటలో గడిపారు. అప్పటి మరాఠీ బైబిలులో సంస్కృత పదములు మెండుగా ఉండేవి. సంస్కృతములో బిరుదులు పొందిన ఆమె, ఆ సంస్కృతమునే ఏరి పారవేసి, కేడ్‌గావ్ చుట్టుప్రక్కల పొలములో పని చేసుకొనే స్త్రీకి తెలిసే మాటలు వెదకారు. అందుకొరకు హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొన్నారు. 1919లో ప్రభుత్వము కైసర్-ఇ-హింద్ పతకము ఇచ్చింది. ఒకప్పుడు తన మాట అబద్ధమన్న ప్రభుత్వమే అది.

1921 జూలై 24న మనోరమ గారు మరణించారు. తల్లికి మిగిలిన ఏకైక రక్తబంధువు, పని అప్పగించదలచిన వారసురాలు. రమాబాయి గారు మరల ప్రూఫులు దిద్దుటకు కూర్చున్నారు. తర్జుమా పని ముగించి, 1922 ఏప్రిల్ 5న కేడ్‌గావ్‌లో కన్నుమూశారు. ఆ బైబిలు 1924లో ముక్తి అచ్చుకూటమునుండి వెలువడింది. ఆ అక్షరములు కూర్చిన చేతులు కరవులో రాళ్లు కొట్టిన చేతులు.